పాకం రంగు గిన్నె

మా నాన్న చివరి నాలుగేళ్ళూ ఒకే ఒక్క మాటతో బతికాడు. ఆ మాట "అవును."

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, కుడికాలూ, మాటా మూడూ ఒకే పూట పోయాయి. నెల తర్వాత ఆ ఒక్క మాటా తిరిగొచ్చింది. జావ తాగుతావా అంటే అవును. వద్దా అంటే అవును. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి "నొప్పిగా ఉందాండీ?" అనడిగితే అవును, "కులాసాగా ఉన్నారన్నమాట" అంటే అవును. మొదట్లో మేం నవ్వుకున్నాం కూడా. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి మీ నాన్న నా మాటకి అవునన్నాడే" అంది అమ్మ. కొన్నాళ్ళకి నవ్వడం మానేశాం. ఇంకొన్నాళ్ళకి ఆయన్ని అడగడమే మానేశాం. ఏం పెట్టాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో, ఏ చొక్కా వెయ్యాలో అమ్మా నేనూ అనుకుని కానిచ్చేసేవాళ్ళం. నేను చేసిన తప్పుకి మొదలు అక్కడే ఉంది.

మాది పామర్రు. నాన్న ఊరి పక్కనున్న వరి పరిశోధన పొలంలో ఫీల్డ్‌మన్. నేను ఏడో క్లాసులో ఉండగా ఆ పొలానికి ఒక జపాను ఆయన వచ్చాడు. తాడు పట్టి వరసల్లో నాట్లెలా వెయ్యాలో చూపించడానికి వచ్చి రెండు పంటలున్నాడు. మోకాలి లోతు బురదలో ఆయన ముందు, గొడుగు పట్టుకుని నాన్న వెనక. ఇద్దరికీ కలిపి ఓ పాతిక ఇంగ్లీషు ముక్కలు వచ్చేమో, వాటితోనే సాయంత్రాలదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అమ్మ పంపిన గోంగూర పచ్చడి తిని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, మర్నాడు మళ్ళీ అదే కావాలని కబురు పెట్టాడు.

వెళ్ళేటప్పుడు తాను రోజూ అన్నం తినే చెక్కగిన్నె నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. లోపలా బయటా నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలిసేది కాదు. పొగలు కక్కే చారు పోసినా బయట చెయ్యి కాలేది కాదు. ఆ నలుపు రంగు కాదట, ఒక చెట్టు పాలట. దాన్ని పూత మీద పూతగా వేస్తారట. ఎండలో పెడితే ఆరదట, తేమలోనే గట్టిపడుతుందట. నాన్న ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే అమ్మా నేనూ పడీపడీ నవ్వాం. "తడిలో ఆరే పూతా? మరి ఎండలో తడుస్తుందేమో" అన్నాను నేను. నాన్న ఉడుక్కుని, ఆ గిన్నె మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తనే చల్లటి నీళ్ళతో కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, తలుపు వెనక నీడన బోర్లించేవాడు.

జబ్బు పడ్డాక ఆ గిన్నె విలువ మాక్కూడా తెలిసొచ్చింది. వైద్యుడు మెత్తటి తిండే పెట్టమన్నాడు. నాన్నకి బెల్లం వేసి పాలు కలిపిన నూకల జావంటే ప్రాణం. అదీ వేడివేడిగా ఉండాలి, చల్లారితే మూతి తిప్పేసుకునేవాడు. స్టీలు గిన్నె ఇస్తే చెయ్యి కాలేది. కాలిందని చెప్పలేక గిన్నె వదిలేసేవాడు. మట్టి మూకుడు బరువెక్కువై చేతిలో నిలిచేది కాదు. బెజవాడ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ గిన్నె వేడికి మెత్తబడి చేతిలో నొక్కుకుపోయింది. చివరికి ఓ రోజు అమ్మ తలుపు వెనక నల్లగిన్నె తీసి జావ పోసి ఎడంచేతిలో పెట్టింది. నాన్న దాన్ని పొట్టకి ఆనించుకుని, వంచి, అంచు పెదవికి తగిలించి, చుక్క కింద పడకుండా మొత్తం తాగేశాడు. తాగి మా ఇద్దరి మొహాలూ చూశాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ తర్వాత రోజుకి రెండుసార్లు అదే వరస. రోజు మొత్తంలో నాన్న తన చేత్తో తాను చేసుకునే పని అదొక్కటే. మిగతా అన్నిటికీ, చెప్పుకోలేనివాటికి కూడా, మేమే దిక్కు. ఆ పది నిమిషాలు మాత్రం మంచం మీద మునుపటి మనిషి కూర్చునేవాడు.

ఆ గిన్నెని నేను పాడుచేశాను.

నేనప్పటికి ఊళ్ళోనే ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పిల్లలకి రోజూ శుభ్రత గురించి పాఠం చెప్పీ చెప్పీ అదే నాకు జబ్బయి కూర్చుంది. రోగి తాగే గిన్నె ఉత్త నీళ్ళతో కడుగుతారా? సలసల కాగే నీళ్ళు పోసేదాన్ని. బూడిదా చింతపండూ కలిపి కొబ్బరిపీచుతో, ఇత్తడి బిందె తోమినట్టు తోమేదాన్ని. సూక్ష్మక్రిములు చావాలని మే నెల ఎండలో పిట్టగోడ మీద బోర్లించేదాన్ని. నాన్న మంచం మీద నుంచి చూసి "అవును, అవును" అని అరిచేవాడు. "చూడవే, మీ నాన్న ఎంత మెచ్చుకుంటున్నాడో" అనేది అమ్మ. నేను ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని.

మూడు వారాల్లో నలుపు బూడిదరంగుకి తిరిగింది. అంచు చుట్టూ సన్నగా పగిలింది. తర్వాత పెచ్చులు. ఒకరోజు జావలో నల్లటి పెచ్చు తేలింది. ఊడినచోట చెక్క జావ పీల్చుకుని పులిసిన వాసన కొట్టడం మొదలెట్టింది. అప్పుడు గుర్తొచ్చాయి నాన్న చెప్పినవన్నీ.

పూత పోతే మళ్ళీ వేయిద్దాం, అదేమన్నా బ్రహ్మవిద్యా అనుకుని ఆదివారం ఆరాధన అవగానే గిన్నె సంచీలో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. అక్కడ మంచం కోళ్ళూ, కుంకుమభరిణెలూ, లక్కపిడతలూ చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. గిన్నె అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఎంత పల్చగా తీశాడమ్మా మహానుభావుడు" అన్నాడు. "దీన్నెవరు తోమారు?"

నేను తల వంచుకుని సంచీ మడిచాను.

"నా దగ్గరుండేది లక్క. తిరిగే చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ వేడికి కరిగి పట్టుకుంటుంది. వేడికి పట్టుకున్నది వేడికే వదుల్తుంది. ఇందులో జావ పోస్తానంటున్నావు. వద్దమ్మా."

"పోనీ నాలుగు పూతలు వెయ్యండి. మందంగా ఉంటే ఆగుతుందేమో."

ఆయన నా మొహం వంక చూసి, గిన్నెని తిరిగే చట్రానికి బిగించాడు. నల్ల లక్క ఆనించి, మొగలాకు మడతతో ఒత్తి, అద్దంలా మెరిపించాడు. ఇంటికి తెచ్చి, గెలిచినదాన్లా జావ పోసి నాన్న చేతిలో పెట్టాను. రెండు గుక్కలు తాగేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. గిన్నె తీసుకోబోతే అరచేతికి అతుక్కుని రాలేదు. అమ్మ కిరసనాయిలు గుడ్డతో ఆ చెయ్యి తుడుస్తుంటే నాన్న నావైపే చూస్తూ "అవును" అన్నాడు.

తర్వాత హనుమాన్ జంక్షన్లో లారీ బాడీలకి రంగులేసే షెడ్డుకి వెళ్ళాను. ఎండకీ వానకీ, కాలే ఇంజనుకీ తట్టుకునే రంగు గిన్నెడు జావకి తట్టుకోదా అని నా లెక్క. పెయింటరు నవ్వలేదు. "టీచరుగారూ, ఆ డబ్బా వాసన చూడండొకసారి. ఇది నోట్లో పెట్టుకునే వస్తువుకి వేస్తారాండీ?" అన్నాడు. ఆ రోజు బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. పదిహేనేళ్ళు చెక్కుచెదరని దాన్ని మూడు వారాల్లో తినేశాను. ఊళ్ళోవాళ్ళేమో తండ్రి కోసం ఎంత తిరుగుతోందో అని నన్ను పొగుడుతున్నారు.

అప్పుడు నాన్న ట్రంకుపెట్టెలో పాత చిరునామా వెతికి జపానుకి ఉత్తరం రాశాను. తోమిన సంగతీ, ఎండలో పెట్టిన సంగతీ దాచకుండా రాశాను. అందుతుందని నమ్మకం లేదు. రెండు నెలలకి చిన్న పార్సిలొచ్చింది. అందులో పత్తిలో చుట్టిన మూడు చెక్కముక్కలు, ఒక్కోటి బిస్కెట్టంత. ఇంగ్లీషు అచ్చక్షరాల్లో రాసిన ఉత్తరం కూడా ఉంది. పాత గిన్నెకి మన దేశంలో పూత వేయించడం కుదరదనీ, వాళ్ళ అన్నయ్య వృత్తే అదనీ, కొత్తది చేసి పంపుతాడనీ రాశాడు. పూత వెంట పూత ఆరుతూ రావాలి కాబట్టి నెలలు పడుతుందన్నాడు. మూడు రకాల పూతలు పంపుతున్నాననీ, ఏది కావాలో చెప్పమనీ అడిగాడు. చివర ఇంకో మాట రాశాడు. "దయచేసి మీ నాన్నగారినే ఎంచుకోమనండి. గిన్నె ఆయన చేతిలో ఉండేది కదా."

మొదటి ముక్క నలుపు, పాత గిన్నె లాంటిదే. రెండోది పండుమిరప ఎరుపు. మూడోదానికి రంగు వెయ్యలేదు, పల్చటి పూత పూసి తుడిచేసినట్టుంది. చెక్కలోని గీతలన్నీ కనపడుతున్నాయి. లేత బెల్లంపాకం రంగు. చూడగానే నాకు అదే నచ్చింది.

మూడింటినీ పళ్ళెంలో వరసగా పెట్టి నాన్న ముందుంచాను. నలుపు చూపించి "ఇదా నాన్నా?" అన్నాను. అవునన్నాడు. ఎరుపు? అవును. చెక్కరంగు? అవును. అంటూనే ఎడంచెయ్యి చాపి నల్లముక్క తీసుకున్నాడు.

"దగ్గర్లో ఉందని తీసుకున్నాడే" అంది అమ్మ.

నిజమే అనిపించింది. సాయంత్రం ముక్కల చోటు మార్చి, నల్లదాన్ని చివర పెట్టి మళ్ళీ అడిగాను. మళ్ళీ మూడింటికీ అవును. చెయ్యి మాత్రం మిగతా రెంటినీ దాటి వెళ్ళి నల్లదాని మీద ఆగింది. మర్నాడు పొద్దున నల్లదాన్ని పళ్ళెంలో అవతలి అంచుకి తోసేసి పెట్టాను. నాన్న మంచం మీద నుంచి వంగి, వంగలేక రొప్పుతూ, దాన్నే అందుకున్నాడు.

"పాతది నల్లగా ఉండేది కదా, అలవాటు చొప్పున తీస్తున్నాడు. ఆయనకేం తెలుస్తుంది పాపం" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "మనకి ఆ పట్టింపులూ అవీ లేవులే. అయినా జబ్బుమనిషి ముందు రెండుపూటలా నల్లటిదెందుకే" అంది. మంగళవారం గోళ్ళు కూడా తియ్యని మనిషికి పట్టింపులు లేవట! ఇంకోసారయితే ఆటపట్టించేదాన్నే. ఆ రోజు ఆటపట్టించలేదు, ఎందుకంటే ఆ మాట నాకు అనువుగా ఉంది. "నలుపైతే మురికి పట్టినా కనపడదు. చెక్కరంగైతే శుభ్రంగా ఉందో లేదో నాకు తెలుస్తుంది" అన్నాను. అదీ మా ఇద్దరి తీర్మానం. నాన్న నల్లముక్కని గుప్పిట్లో పెట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "చెక్కరంగు తెప్పిస్తున్నాం నాన్నా, సరేనా?" అన్నాను. "అవును" అన్నాడు. గుప్పిట విప్పి నల్లముక్క నేనే తీసుకోవాల్సొచ్చింది. గట్టిగా పట్టుకున్నాడు.

మా నాన్నగారు మూడోది ఎంచుకున్నారని జపానుకి ఇంగ్లీషులో రాశాను. పిల్లల అబద్ధాలకి బెత్తం పట్టుకునే టీచర్ని నేను.

గిన్నె రావడానికి పది నెలలు పట్టింది. ఈలోగా స్టీలు గ్లాసుకి తువ్వాలు చుట్టి, కింద నా చెయ్యి పెట్టి తాగించేదాన్ని. కొత్త గిన్నె వచ్చినరోజు అమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసింది. ఇంటిల్లిపాదీ అంటే మేం ముగ్గురమే. చాలా అందమైన గిన్నె. బెల్లం కాస్త ఎక్కువే వేసి జావ కాచి, పోసి, నాన్న చేతిలో పెట్టి నేను రెండడుగులు వెనక్కి జరిగాను, తనే తాగుతాడని.

నాన్న గిన్నెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. గిన్నె అటూ ఇటూ కదిపి మళ్ళీ చూశాడు. అప్పుడు వంచాడు. అంచు పెదవికి తగలకముందే జావంతా గడ్డం మీదుగా గుండెల మీద పడింది. వేడి జావ. నాన్న కేక పెట్టాడు. ఆ కేకా "అవును" అనే.

మర్నాడూ అంతే. ఆ మర్నాడు అసలు వంచడానికే భయపడి, పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. ఎడంచెయ్యి కూడా పడిపోతోందనుకున్నాం. జబ్బు ముదిరిందనుకున్నాం. గిన్నె నేనే పట్టుకుని స్పూనుతో పట్టడం మొదలెట్టాను. మొదటి వారం పళ్ళు బిగించి స్పూను రానివ్వలేదు. ముక్కు దగ్గర వాసన చూపించి, బతిమాలి, ఒక్కోరోజు కోప్పడి, లోపలికి తోసేదాన్ని. రెండో వారానికి దారికొచ్చాడు. దారికొచ్చాడు అనే మాటే అప్పుడు అమ్మతో అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

నాలుగైదు నెలలు గడిచాక నాన్నకి కళ్ళు ఎర్రబడి నీరు కారుతుంటే బెజవాడ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన టార్చి వేసి చూసి, మళ్ళీ చూసి, మావైపు తిరిగాడు.

"రెండు కళ్ళకీ శుక్లాలున్నాయి కదమ్మా. బాగా ముదిరాయి. ఎన్నాళ్ళ నుంచి చూడట్లేదు మీరు?"

"ఆయన మాట్లాడలేరండీ" అంది అమ్మ.

"మాట్లాడలేకపోతే మీరు కనిపెట్టాలి కదండీ. మంచుతెర లోంచి చూసినట్టుంటుంది ఆయనకి. తెలుపూ నలుపూ అయితే తేడా తెలుస్తుంది, దగ్గర దగ్గర రంగులైతే కలిసిపోతాయి." ఆపరేషన్ మాటెత్తితే, గుండె తట్టుకోదు, ఈ పరిస్థితిలో నేను చెయ్యనన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ కంకిపాడు దాకా ఏదో చెప్తూనే ఉంది. నా చెవికేం ఎక్కలేదు. ఇంటికి రాగానే జావ కాచాను. దాచిపెట్టిన చెక్కముక్కలు తీసి నల్లదాని మీద ఒక చెంచా, చెక్కరంగుదాని మీద ఒక చెంచా పోశాను. నాన్న పాత పంచె నాలుగు మడతలు వేసి కళ్ళమీద పట్టుకుని చూశాను. నల్లముక్క మీద జావ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గుండ్రంగా, తేటగా తెలుస్తోంది. చెక్కరంగుదాని మీద అసలేమీ కనపడలేదు. పాకం రంగు చెక్క మీద బెల్లం జావ. ఆయనకి ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీగానే కనపడి ఉంటుంది. జావ ఎక్కడుందో తెలీక వెతుక్కుంటూ వంచి ఉంటాడు.

నోరు మూడింటికీ అవునంది కానీ చెయ్యి ఒక్కదానికే అంది. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ఆ చెయ్యి చెప్పింది.

జపానుకి మళ్ళీ రాయడానికి ముఖం చెల్లలేదు. రాసినా ఇంకో పది నెలలు. బెల్లం మానేసి పంచదార వేసి తెల్లటి జావ కాచాను. ఆ గిన్నెలోనే పోసి, చాన్నాళ్ళ తర్వాత నాన్న ఎడంచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా చుట్టూ సర్దాను. "ఇప్పుడు కనపడుతుంది నాన్నా. నువ్వే తాగు" అన్నాను. నాన్న గిన్నె పట్టుకున్నాడు. లోపలికి చూడలేదు. మొహం నా వైపు ఎత్తి, స్పూను కోసం నోరు తెరిచాడు.

నేను మంచం పక్కన కింద కూలబడ్డాను. "నల్లదే కావాలని అడిగావు కదా నాన్నా?" అన్నాను.

"అవును."

"నేనే వినలేదు కదా?"

"అవును."

"నన్ను క్షమించావా?"

"అవును" అన్నాడు నాన్న, ఆ రెండిటికీ అన్నట్టే. ఆ మాటని నేను ఎలా తీసుకోను? ఈసారన్నా చేతిని చూద్దామని చూశాను. అది గిన్నెని నా వైపు చాపింది, పట్టమని.